బొల్లి మచ్చపై సొంత చర్మకణాలు నాటించుకోవాలంటే: ఏడాది ముందు నుంచి రంగు వచ్చేదాకా

తొడ మీద తపాలా బిళ్లంత పలుచటి పొర తీసి, అందులోని రంగు కణాలను విడదీసి, దానికి 10 రెట్లున్న తెల్ల మచ్చ మీద పరిచి రంగు తెప్పించవచ్చు. మందులకూ లైటు చికిత్సకూ లొంగని బొల్లి మచ్చలకు ఇది మంచి దారి. కణాలు మీవే కాబట్టి పరాయివని శరీరం తిప్పికొట్టదు. కానీ ఒక సంగతి మరవకండి. బొల్లి అంటేనే సొంత రంగు కణాల మీద శరీరం చేసే దాడి. ఆ దాడి ఆగకముందే కొత్త కణాలు నాటితే పాతవాటికి పట్టిన గతే వీటికీ పడుతుంది. అందుకే ఈ ఆపరేషన్ పని కత్తి పట్టిన రోజున మొదలవ్వదు, ఏడాది ముందే మొదలవుతుంది.

మచ్చ నిలకడగా ఉందో లేదో తేల్చుకోండి

ఏడాదిగా కొత్త మచ్చ రాకూడదు, పాతది పెరగకూడదు, దెబ్బ తగిలిన చోట తెల్లబడకూడదు. ఈ మూడూ ఉంటేనే ఆపరేషన్ మాట ఎత్తాలి.

ఇందులో జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. 3 నెలలకోసారి అదే కిటికీ పక్కన, అంతే దూరం నుంచి, మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. మచ్చ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, మార్కర్‌తో అంచు వెంబడి గీత గీసి, తేదీ వేసి దాచండి. తర్వాత గీసిన షీటును దీని మీద పెడితే మచ్చ 2 మిల్లీమీటర్లు పాకినా దొరికిపోతుంది. ఈ షీటు ఇంకో పనికీ వస్తుంది. గ్రాఫ్ కాగితం మీద పెట్టి చదరపు సెంటీమీటర్ల గళ్లు లెక్కపెడితే మచ్చ వైశాల్యం తెలుస్తుంది, తొడ మీద ఎంత చర్మం తీయాలో దాన్ని బట్టే తేలుతుంది.

దెబ్బ తగిలిన చోటల్లా తెల్లబడటాన్ని డాక్టర్లు కోబ్నర్ అంటారు. మోకాలు గీరుకుపోయి మానిన చోట చూసుకోండి. లంగా బొందు బిగిసే నడుము దగ్గర, చెప్పుల పట్టీ ఒరుసుకునే పాదం మీద, కళ్లద్దాలు ఆనే ముక్కు పక్కన చూసుకోండి. అక్కడ కొత్తగా తెలుపు వస్తుంటే జబ్బు ఇంకా మేలుకునే ఉందని అర్థం. అలాంటప్పుడు ఆపరేషన్ చేస్తే, తొడ మీద చర్మం తీసిన చోటు కూడా ఒక గాయమే కాబట్టి అక్కడా తెల్ల మచ్చ లేవొచ్చు. మచ్చ చుట్టూ పిండి చిలకరించినట్టు చిన్న చిన్న తెల్ల చుక్కలున్నా, అంచు స్పష్టంగా లేక మసకగా కరిగిపోతున్నట్టున్నా అది పాకుతున్న మచ్చే. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద చూస్తే ఇవి ఇంకా బాగా బయటపడతాయి.

పాకుతున్న మచ్చను ముందు మందులతో ఆపాలి. వారంలో వరుసగా 2 రోజులు మాత్రమే ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు, నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత లైటు ఇందుకు వాడతారు. మందు మొదలైన రోజు నుంచి కాదు, మచ్చ ఆగిన రోజు నుంచి ఏడాది లెక్కపెట్టాలి.

నుదుట సరిగ్గా బొట్టుబిళ్ల పెట్టే చోటే మచ్చ వచ్చిందా? అది మామూలు బొల్లి కాకపోవచ్చు. బిళ్ల వెనక జిగురులో ఉండే పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం రంగు కణాలను చంపుతుంది. రబ్బరు చెప్పుల పట్టీ ఆకారంలో పాదాల మీద వచ్చే మచ్చల వెనకా, హెయిర్ డై తగిలే నుదుటి అంచున వచ్చే మచ్చల వెనకా ఇలాంటి రసాయనాలే ఉంటాయి. ముందు ఆ వస్తువు మానేయండి. కొందరికి అంతటితోనే రంగు తిరిగొస్తుంది. మానకుండా కణాలు నాటించుకుంటే కొత్త కణాలనూ అదే జిగురు తినేస్తుంది.

పాలు, చేపలు కలిపి తింటే బొల్లి వస్తుందన్న మాటకు ఆధారం లేదు. పథ్యం పేరుతో ఏడాదంతా నోరు కట్టుకోనక్కర్లేదు.

అనుమానం తీరకపోతే పరీక్ష నాటు వేయించుకోండి. మచ్చ మధ్యలో 1 నుంచి 2 మిల్లీమీటర్ల చర్మపు చుక్కలు 4 లేదా 5 నాటి 3 నెలలు ఆగుతారు. ఒక్కో చుక్క చుట్టూ కనీసం 1 మిల్లీమీటరు మేర రంగు పాకితే నేల సిద్ధమైనట్టు. చుక్కలు ఉన్న చోటే ఉండిపోయినా, అవీ తెల్లబడినా ఆగండి. ఈ 3 నెలలు వృథా అనిపిస్తుంది కానీ పెద్ద ఆపరేషన్ మొత్తం వృథా కావడం కంటే ఇది ఎంతో నయం.

ఏ మచ్చకు ఎంత ఆశ పెట్టుకోవచ్చు

శరీరానికి ఒక పక్కనే, ఒక పట్టీలా వచ్చి ఆగిపోయే సెగ్మెంటల్ బొల్లికి ఫలితం అన్నిటికంటే బాగుంటుంది. ముఖం, మెడ, ఛాతీ బాగా స్పందిస్తాయి. వేళ్ల కొసలు, మోచేతులు, మోకాళ్లు, చీలమండలు మొండివి. అక్కడ చర్మం రోజంతా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, కట్టు నిలవదు. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడితే ఆ కుదుళ్లలో రంగు కణాల నిల్వ అయిపోయినట్టే. అలాంటి చోట పూతమందుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేం. కణాలు నాటితే మాత్రం రంగు రావచ్చు.

గాయం మానిన చోట మచ్చ కాయలా పొంగే తత్వం ఉంటే, అంటే కెలాయిడ్ ఉంటే, ముందే చెప్పండి. చాలామంది డాక్టర్లు అలాంటివారికి ఈ ఆపరేషన్ వద్దంటారు, ఆ మాట వినండి.

ల్యాబ్‌లో పెంచిన కణాలా, అప్పటికప్పుడు తీసినవా

రైతుకు ఈ తేడా ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఒకటి నారు పోసి నాటడం, ఇంకోటి విత్తనం వెదజల్లడం.

నారు పద్ధతిలో చిన్న ముక్క చర్మాన్ని ల్యాబ్‌కు పంపి, కణాలను వారాల తరబడి పోషక ద్రవంలో పెంచి సంఖ్య పెంచుతారు. మనిషి పైచర్మపు కణాలను ఇలా బాగా పెంచే దారి 1975లో అమెరికాలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవార్డ్ గ్రీన్ చూపించారు. కాలిన గాయాలకు ఇది ప్రాణం పోసింది. 3, 4 వారాల్లో కొద్దిపాటి చర్మం నుంచి కొన్ని వేల రెట్ల పొర వస్తుంది. వెదజల్లే పద్ధతిలో పెంచడం అంటూ ఏమీ ఉండదు. తీసిన చర్మం నుంచి కణాలు విడదీసి అదే రోజు, అదే బల్ల మీద పరిచేస్తారు. 1992లో ఫ్రాన్స్‌లో ఇవోన్ గోతియే దీన్ని బొల్లికి వాడారు, 1998లో స్వీడన్‌లో ఓల్సన్, యూలిన్ మెరుగుపరిచారు. మన దేశంలో బొల్లికి ఎక్కువగా జరిగేది ఈ రెండోదే.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ ఇలాంటి మలుపే వచ్చింది. రసాయనాలు పడి దెబ్బతిన్న కళ్లకు 2001 నుంచి రోగి సొంత కణాలనే ల్యాబ్‌లో పెంచి నాటేవారు. తర్వాత చిన్న ముక్కలను నేరుగా కంటి మీదే పెట్టి అక్కడే పెరగనిచ్చే సులువైన పద్ధతిని 2012లో ప్రకటించారు. ఒంట్లోనే పెరగగలిగిన దాన్ని బయట పెంచే ఖర్చెందుకన్న ఆలోచన రెండు చోట్లా ఒకటే.

మచ్చల మొత్తం వైశాల్యం 100, 200 చదరపు సెంటీమీటర్ల లోపు ఉంటే వెదజల్లే పద్ధతి చాలు. అంతకు బాగా మించితే తొడ మీద తీయాల్సిన చర్మం మరీ ఎక్కువవుతుంది. అప్పుడు విడతలుగా చేయించుకోవడమో, పెంచిన కణాలో ఆలోచించాలి. పెంచిన కణాలకు వెళ్తే రెండు ప్రశ్నలు తప్పక అడగండి. పోషక ద్రవంలో దూడ రక్తం నుంచి తీసిన సీరం ఉందా, యాంటీబయాటిక్‌లు ఏవి వాడారు? ఎలర్జీ ఉన్నవారికి ఇది ముఖ్యం. కణాలను ఒంటి బయట పెంచడానికి సెంట్రల్ డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఉందా? ఉంటే ఆ కాగితం చూపించమనండి. చూపించలేని చోట ఆగవద్దు.

ముడతలకూ ఇదే ఆలోచన వాడారు. చెవి వెనక 3 మిల్లీమీటర్ల ముక్కలు 3 తీసి, అడుగు చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలను నెలల తరబడి పెంచి, ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే గీతల్లో 3 నుంచి 6 వారాల తేడాతో 3 సార్లు ఇంజెక్షన్ ఇచ్చే చికిత్సకు అమెరికా ఎఫ్‌డీఏ 2011లో అనుమతి ఇచ్చింది. అంత పని, అంత కాలం దాని వెనక ఉన్నాయి. మధ్యాహ్నం వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చంటూ ఎవరైనా ‘స్టెమ్ సెల్ ఫేషియల్’ అమ్మితే అది ఇది కాదు.

ఆపరేషన్‌కు ముందు

రక్తపరీక్షలు మామూలివే: హిమోగ్లోబిన్, షుగర్, రక్తం గడ్డకట్టే సమయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి. వీటితోపాటు టీఎస్‌హెచ్ కూడా చేయించండి. బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ తేడాలు మిగతావారికంటే ఎక్కువ. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే సొంతంగా ఆపవద్దు, ఆ మందు రాసిన డాక్టరును అడిగాకే ఏదైనా.

పెళ్లికో పరీక్షలకో 2 నెలల ముందు తేదీ పెట్టుకోకండి. నాటిన చోటు మొదటి నెలంతా ఇప్పటికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆపరేషన్ రోజు

టిఫిన్ తినే వెళ్లండి. ఇది మత్తు ఇచ్చి పడుకోబెట్టేది కాదు, చేసే చోట మాత్రమే మొద్దుబారుస్తారు. మచ్చ ముఖం మీదుంటే తల మీదుగా తీయాల్సిన అవసరం లేకుండా ముందు గుండీలున్న చొక్కానో జాకెట్టో వేసుకోండి.

మచ్చ 50 చదరపు సెంటీమీటర్లయితే తొడ పైభాగంలోనో పిరుదు మీదో 5 నుంచి 10 చదరపు సెంటీమీటర్ల చర్మం తీస్తారు. మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. బ్లేడు జరుగుతుంటే పొర కింద నుంచి ఉక్కు అంచు కనిపించాలి, సరైన మందానికి అదే గుర్తు. మందంగా తీస్తే రెండు నష్టాలు. తొడ మీద శాశ్వతంగా మచ్చ పడుతుంది, పైగా కణాలను విడదీసే ఎంజైమ్ ఆ మందంలోకి దిగలేక కణాలు విడిపోవు.

ఆ పొరను సెలైన్‌తో కడిగి 0.25 శాతం ట్రిప్సిన్ అనే ఆ ఎంజైమ్‌లో, 37 డిగ్రీల వెచ్చదనంలో 30 నుంచి 60 నిమిషాలు ఉంచుతారు. కణాలను పట్టి ఉంచే అతుకులను ట్రిప్సిన్ కరిగిస్తుంది. తక్కువసేపు ఉంచితే పొర విడిపోదు, మరీ ఎక్కువసేపు ఉంచితే అతుకులతోపాటు కణాలూ చస్తాయి. తర్వాత ట్రిప్సిన్‌ను ఆపే ద్రవం కలిపి, ఫోర్సెప్స్‌తో పైచర్మాన్ని అడుగు చర్మం నుంచి ఒలిచి, లోపలి వైపు నెమ్మదిగా గీకుతారు. రంగు కణాలుండేది ఆ అడుగు వరసలోనే. ఆ ద్రవాన్ని వడగట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం కొసన ఆవగింజంత నల్లటి ముద్ద కూడుతుంది. ఏడాది ఎదురుచూసింది దీనికోసమే. దాన్ని అర మిల్లీలీటరు, ఒక మిల్లీలీటరు పోషక ద్రవంలో కలిపి సిరంజిలోకి తీసుకుంటారు.

ఆ ముద్దలో రంగు కణాలతోపాటు, అంటే మెలనోసైట్లతోపాటు, చర్మాన్ని కట్టే కెరటినోసైట్లూ ఉంటాయి. వాటిని వేరు చేయకూడదు. మన చర్మంలో ఒక్కో మెలనోసైట్ సుమారు 36 కెరటినోసైట్లకు రంగు పంచుతుంది. బదులుగా అది బతకడానికి కావాల్సిన సంకేతాలు ఆ చుట్టుపక్కల కణాల నుంచే అందుతాయి. కలిపి నాటితేనే కాపురం నిలబడుతుంది.

ఈలోగా తెల్ల మచ్చను మొద్దుబార్చి, తిరిగే డెర్మాబ్రేడర్‌తోనో లేజర్‌తోనో పైపొర తీసేస్తారు. సూది మొనంత రక్తపు చుక్కలు అక్కడక్కడా పొటమరించిన క్షణంలో ఆపాలి. అంతకు ముందే ఆపితే కణాలు అంటుకోవడానికి చోటుండదు, దాటిపోతే గుంటో మచ్చో మిగులుతుంది. అంచు దాటి చుట్టూ 2, 3 మిల్లీమీటర్లు మంచి చర్మంలోకి కూడా చెక్కాలి. లేకపోతే కొత్త రంగుకూ పాత రంగుకూ మధ్య తెల్లటి గీత మిగిలిపోతుంది. ఇది జరుగుతుందా లేదా అని మార్కింగ్ వేసేటప్పుడే అడగండి.

రక్తం కారుతూ ఉంటే కణాలు కొట్టుకుపోతాయి. అందుకే తడి గాజ్ గుడ్డతో అదిమి, రక్తం ఆగాకే ద్రవం పోసి పరుస్తారు. దాని మీద కొలాజెన్ షీటు, ఆపైన తడి గాజ్ గుడ్డ, పారఫిన్ గాజ్ గుడ్డ, అన్నిటి మీద అంటుకునే పట్టీ వేస్తారు. ముక్కు, దవడ లాంటి వాలు చోట్ల ద్రవం జారిపోకుండా హయలురోనిక్ యాసిడ్ కలిపి చిక్కగా చేసేవారూ ఉన్నారు. ఆ తర్వాత కనీసం గంటసేపు ఆ భాగం పైకి ఉండేలా కదలకుండా పడుకోండి.

ఆ 7 రోజులు

డాక్టరు చేతిలో ఉన్నది అంతటితో అయిపోయింది. ఇక కట్టు కింద కణాలు వేళ్లూనుకోవడం మీ చేతిలో ఉంది. తడి మీద జల్లిన గింజలు వాన వెల్లువకు ఒక పక్కకు చేరినట్టు, కట్టు జరిగితే కణాలు ఒక మూలకు చేరతాయి. తర్వాత రంగు కూడా ముద్దలు ముద్దలుగానే వస్తుంది.

మచ్చ పెదవి దగ్గరుంటే 7 రోజులూ జావ, మజ్జిగ, పలుచటి పప్పుకట్టు గ్లాసుతో తాగండి. నమలడం, నవ్వడం, ఫోనులో మాట్లాడటం తగ్గించండి. మెడ మీదైతే మెత్తని కాలర్, చేయి లేదా కాలి కీలు మీదైతే స్ప్లింట్ వేయించుకోండి. కాలి మీద చేయించుకున్నవారు బాత్‌రూమ్‌కు తప్ప లేవకుండా ఉండటమే మంచిది. కట్టు తడవకూడదు కాబట్టి ఒళ్లు తుడుచుకోండి, స్నానం వద్దు. వేసవిలో చెమటకు కట్టు ఊడుతుంది. వీలుంటే చలికాలానికి తేదీ పెట్టించుకోండి. యాంటీబయాటిక్ మాత్రలు చెప్పినన్ని రోజులూ మింగాలి.

దురద పెట్టినా కట్టు కింద వేలు దూర్చవద్దు. చెడు వాసన, రోజురోజుకూ పెరిగే నొప్పి, చీము తడి, జ్వరం వీటిలో ఏది వచ్చినా ఏడో రోజు దాకా ఆగకుండా ఆ రోజే వెళ్లండి. ఇన్‌ఫెక్షన్ వస్తే కణాలు బతకవు.

కట్టు విప్పాక

లాగకుండా సెలైన్‌తో బాగా తడిపి విప్పించుకోండి. కింద గులాబీ రంగులో, నున్నగా, తెల్ల మచ్చకంటే అసహ్యంగా ఉన్న చర్మం కనిపిస్తుంది. అది మానుతున్న గుర్తు, దిగులు పడకండి. 2 వారాలు సున్నిపిండి, స్క్రబ్, బ్లీచ్, రేజరు ఏవీ తగలనివ్వవద్దు. నీళ్లు పోసుకుని తుండుతో అద్దుకోండి, రుద్దవద్దు. తొడ మీది గాయం 7 నుంచి 10 రోజుల్లో మానుతుంది, నల్లదనం కొన్నాళ్లు ఉండి తగ్గుతుంది.

3, 4 వారాలకు గోధుమ రంగు చుక్కలు తేలతాయి. 3 నుంచి 6 నెలల్లో అవి కలిసిపోతాయి. చాలామందికి మొదట చుట్టుపక్కల చర్మంకంటే ముదురుగా వస్తుంది. చూసినవాళ్లు అడుగుతారు, మీరూ కంగారు పడతారు, కానీ ఏడాదిలో చాలావరకు సర్దుకుంటుంది. తెల్లబరిచే క్రీములు మాత్రం రాయకండి. అవి నాటిన కణాల మీదే పనిచేస్తాయి. గాయం పూర్తిగా మానాక, సాధారణంగా 3 వారాల తర్వాత, డాక్టరు చెప్పిన మోతాదులో యూవీబీ లైటు మొదలుపెడితే కణాలు వేగంగా విస్తరిస్తాయి.

రంగు రాకపోతే

మూడో నెలకు ఒక్క చుక్కా రాకపోతే కారణాన్ని బట్టి దారి మారుతుంది. నాటిన చోటే కాక ఒంటి మీద మరోచోటా కొత్త మచ్చలు వచ్చాయంటే జబ్బు మళ్లీ మేలుకుంది, ముందు మందులతో దాన్ని ఆపాలి. వచ్చిన రంగు 2, 3 నెలల తర్వాత మాయమైనా కారణం అదే. తొడ మీది గాయం కూడా తెల్లబడితే రెండోసారి ఆపరేషన్ ఆలోచన పక్కన పెట్టండి. ఒంట్లో ఎక్కడా కొత్త మచ్చ లేక, నాటిన చోట మాత్రమే ముద్దలు ముద్దలుగా వచ్చి ఖాళీలు మిగిలితే తప్పు కట్టులోనో చెక్కిన లోతులోనో ఉంది, జబ్బులో లేదు. ఇది సరిచేయగలిగిన తప్పే. 6 నెలలు నిండాక ఆ ఖాళీలను మళ్లీ ప్లాస్టిక్ షీటు మీద గీసి కొలవండి. ఒకటి రెండు చదరపు సెంటీమీటర్లయితే చిన్న చర్మపు చుక్కలు నాటే మినీ పంచ్ గ్రాఫ్ట్‌లతో పూడ్చేస్తారు. అంతకు మించితే కణాల ఆపరేషన్ మళ్లీ చేయించుకోవచ్చు, ఈసారి మరో తొడ నుంచి.